దున్‌హువాంగ్‌లో కొత్త గుహలు: ఇంటి కళకు కొనసాగింపా, సొంత ముచ్చటా?

ఎడారి గాలి

మిత్రుల మధ్య మొదలై ఎంతకీ తెగని వాదన ఒకటి ఇక్కడ పెడుతున్నాను. తెలియనివారి కోసం ముందు కాస్త పూర్వకథ.

చైనా వాయవ్య మూలన, గాన్సు రాష్ట్రంలో దున్‌హువాంగ్ అనే ఎడారి ఊరు. దానికి పాతిక కిలోమీటర్ల దూరంలో మోగావ్ గుహలు. క్రీ.శ. 366లో లేజున్ అనే బౌద్ధ భిక్షువు మొదటి గుహ తొలిపించాడని పాత శాసనం చెబుతోంది. ఆ తర్వాత వెయ్యేళ్ళ పాటు అక్కడ ఉలి గానీ కుంచె గానీ ఆగలేదు. ఇప్పుడు లెక్కకు వచ్చేవి 735 గుహలు. చిత్రాలు, శిల్పాలు ఉన్నవి 492. గోడల మీది బొమ్మలన్నీ కలిపితే సుమారు 45,000 చదరపు మీటర్లు.

ఇక ఆ కుటుంబం. చాంగ్ షుహోంగ్ హాంగ్‌జౌలో పుట్టి, ఫ్రాన్స్ వెళ్ళి తైలవర్ణ చిత్రకళ నేర్చుకున్నారు. 1935లో పారిస్‌లో సెన్ నది గట్టున పాత పుస్తకాల అంగడిలో, ఫ్రెంచి పండితుడు పాల్ పెలియో ప్రచురించిన దున్‌హువాంగ్ ఫొటోల సంపుటం ఆయన కంటబడింది. తన దేశంలో ఇంతటి కళ ఉందని పరాయి దేశపు పుస్తకం చెప్పాల్సి వచ్చింది. 1936లో చైనా తిరిగి వచ్చారు, 1943లో ఆ ఎడారి చేరారు, 1944లో అక్కడ పరిశోధన సంస్థను నిలబెట్టారు. మొదటి భార్య ఆ ఎడారిలో ఇమడలేక వెళ్ళిపోయారు. ఆయన కదలలేదు. కూతురు చాంగ్ షానా చిన్న వయసులోనే గుహల్లో కూర్చుని నకళ్ళు తీశారు. రెండో భార్య లీ చెంగ్‌షియెన్ కూడా చిత్రకారిణే. వారిద్దరి కొడుకు చాంగ్ జియాహువాంగ్.

వాదన ఈ కొడుకు గురించి. తండ్రి పాత గుహలను కాపాడితే, కొడుకు 1990లలో దున్‌హువాంగ్ దగ్గరే, దాంగ్ నది లోయలో కొత్త గుహలు తొలిపించి వాటి గోడల మీద ఈ కాలపు చిత్రాలు వేసే పనికి పూనుకున్నారు. తల్లి కూడా ముసలితనంలో ఆ పనిలో తోడు నిలిచారు. ఇది ఇంటి కళను ముందుకు నడపడమా, తండ్రి పనితో పొంతన లేని సొంత ముచ్చటా?

నా పక్షం దాచుకోను. కొడుకు చేసిందే అసలైన కొనసాగింపు. మోగావ్ వెయ్యేళ్ళు బతికింది నకళ్ళతో కాదు. ప్రతి తరమూ కొత్త గోడ అడిగింది. తన కాలపు మనుషులను, బట్టలను, వాద్యాలను ఆ గోడ మీదికి ఎక్కించింది. ఉత్తర వెయ్ రాజుల కాలపు 257వ గుహలో తొమ్మిది రంగుల జింక జాతకం చూడండి, వాళ్ళ తర్వాత వచ్చిన థాంగ్ రాజుల కాలపు 220వ గుహలో గిరగిరా తిరిగే నాట్యకత్తెలను చూడండి. వెయ్ కాలం వాళ్ళ బొమ్మలకు నకళ్ళు తీస్తూ కూర్చుని ఉంటే ఆ నాట్యకత్తెలు పుట్టేవారే కాదు.

సున్నపు గోడ

పూర్తిగా విభేదిస్తున్నాను. చాంగ్ షుహోంగ్ గారి గొప్పతనమంతా ఆయన వేయకుండా ఆగిన బొమ్మల్లో ఉంది.

ఫ్రాన్స్‌లో పతకాలు అందుకున్న చిత్రకారుడు ఎడారికి వెళ్ళి మొట్టమొదట చేసిన పనులు ఏమిటి? గుహల్లో మేటవేసిన ఇసుకను ఎత్తిపోయించారు. పశువులు లోపలికి రాకుండా మట్టిగోడ కట్టించారు. చెట్లు నాటించారు. అంతకుముందు వచ్చినవాళ్ళు పలుచటి కాగితాన్ని బొమ్మ మీద అదిమిపట్టి గీతలు ఎత్తుకునేవారు. ఆయన దాన్ని మాన్పించి, ఎదురుగా కూర్చుని కంటితో చూసి గీయమన్నారు. గుహలో దీపం పెడితే పొగ గోడకు పడుతుంది. అందుకని బయట అద్దం నిలబెట్టి, ఎండను లోపలికి మళ్ళించి, తెల్ల కాగితం అంటించిన పలక మీద పడేలా చేసి, ఆ పలక నుంచి పరుచుకున్న వెలుగులో పని చేసుకునేవారు. పొద్దు జరిగిన కొద్దీ ఎవరో ఒకరు వెళ్ళి అద్దం తిప్పాలి. ఇదీ ఆ ఇంటి సంప్రదాయం! గోడ ముందు చిత్రకారుడు తగ్గి ఉండడం.

కొత్త గుహ తొలిపించుకుని తన బొమ్మ తాను వేసుకునే స్వేచ్ఛ కొడుకుకు ఉంది, కాదనను. దానికి తండ్రి పేరు తగిలించడమే నాకు రుచించదు.

పాత పుస్తకాల పిచ్చి

ఇద్దరూ ‘ఇంటి కళ’ అనే మాటను తడిమి చూడకుండానే వాదించుకుంటున్నారు. మోగావ్‌లో వంశ సంప్రదాయం ఉన్నమాట నిజమే. కానీ మనకు కనిపించేది చిత్రకారుల వంశం కాదు, దాతల వంశం.

జాయ్ వారి సంగతే తీసుకోండి. 220వ గుహ వాళ్ళదే. అందులో 642 నాటి రాత ఉంది. 860లలో అదే వంశంలో పుట్టి భిక్షు సంఘానికి పెద్ద అయిన జాయ్ ఫారోంగ్ 85వ గుహ తొలిపించాడు. 925లో పంచాంగాలు కట్టే జాయ్ ఫెంగ్‌దా పూర్వీకుల 220వ గుహకే వచ్చి, నడవా గోడ మీద మంజుశ్రీ బోధిసత్వుడి బొమ్మ వేయించి, పక్కన వంశ వివరాలు రాయించాడు. దాదాపు మూడు వందల ఏళ్ళ వంశాభిమానం! గోడల కింది వరుసల్లో ఇలాంటి దాతలు బారులు తీరి నిలబడి ఉంటారు, పేర్లతో, పదవులతో సహా. మరి ఆ బొమ్మ వేసిన చేయి ఎవరిది? అక్కడక్కడా తప్ప పేరే ఉండదు.

పనివాళ్ళ బతుకు ఎలా ఉండేదో ఆ గుహల కాగితాలే చెబుతాయి. 1900లో వాంగ్ యువాన్‌లు అనే తావో సన్యాసికి 17వ గుహలో మూసిపెట్టిన గ్రంథాలు దొరికాయి కదా, వాటిలో పెలియో పారిస్‌కు పట్టుకుపోయిన పత్రాల్లో ఒక తాకట్టు కాగితం ఉంది. పదో శతాబ్దానిది. జావ్ సెంగ్‌జీ అనే మట్టి బొమ్మల శిల్పి ధాన్యం కోసం కన్నకొడుకును తాకట్టు పెట్టాడు. ఇదీ అక్కడి శిల్పి ఇంట తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించిన ఆస్తి.

హాంగ్‌జౌ నుంచి ఫ్రాన్స్ మీదుగా వచ్చిన చాంగ్ వారికి ఆ పేరులేని పనివాళ్ళతో రక్తసంబంధం లేదు, గురుశిష్య సంబంధమూ లేదు. వాళ్ళ సంప్రదాయం 1943లో మొదలైంది. ఎడారి గాలి గారు దానికి వెయ్యేళ్ళ చరిత్రను సాక్ష్యానికి పిలవడం కుదరదు.

నీలిమేఘం

ఎనభై ఏళ్ళు చాలవా? తండ్రి, తల్లి, కూతురు, కొడుకు. మన దగ్గర రెండు తరాలు వరసగా పాడితే సంగీత కుటుంబం అనేస్తాం.

గోల్కొండ బురుజు

ఈ తగాదాలో హైదరాబాదుకూ వాటా ఉంది. అజంతా ఒకప్పుడు నిజాం ఏలుబడిలోనిదే. 1920లలో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులను రప్పించి అక్కడి బొమ్మలకు మరమ్మతు చేయించింది. వాళ్ళు పూసిన లక్క వార్నిషు తర్వాత పసుపు తిరిగి బొమ్మలకే ముసుగైంది. మంచి ఉద్దేశంతో చేసిన పనే. కాబట్టి పాత గోడ జోలికి పోవద్దని సున్నపు గోడ గారు అంటే నేను రెండు చేతులూ ఎత్తుతాను.

అయితే నకళ్ళనే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా అజంతాయే చెబుతుంది. బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ గిల్ ఏళ్ళ తరబడి గుహల్లో కూర్చుని తీసిన నకళ్ళలో దాదాపు అన్నీ 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. తర్వాత బొంబాయి కళాశాల గురువు జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులను వెంటబెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి తీయించినవాటిలో వందకు పైగా 1885లో మళ్ళీ లండన్‌లోనే కాలిపోయాయి. ఒకే ఊళ్ళో రెండుసార్లు. ఆ తర్వాత నకళ్ళు తీయించడానికి ఇంగ్లీషు చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ వచ్చినప్పుడు నందలాల్ బోస్ వంటివారితో పాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్ వెళ్ళారు. పిమ్మట అజంతా క్యూరేటర్ ఆయనే అయ్యారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో అజంతా నకళ్ళ గది ఉంది, వీలైతే చూడండి. నేను వెళ్ళినప్పుడల్లా అక్కడ నిద్రపోతున్న కాపలాదారు తప్ప ఎవరూ ఉండరు.

ఎడారి గాలి

గోల్కొండ బురుజు గారూ, ఇది నా వాదనకే బలం. నకలు కూడా కాలిపోతుంది. కాలిపోనిది ఏమిటంటే, మళ్ళీ వేయగల చేయి.

పాత పుస్తకాల పిచ్చి గారికి: రక్తసంబంధం నేను అడగలేదు. మోగావ్‌లో వెయ్యేళ్ళు సాగింది కొత్తవి వేసే అలవాటు. పధ్నాలుగో శతాబ్దం తర్వాత ఆగిపోయిన ఆ అలవాటును మళ్ళీ మొదలుపెట్టినవాడిని వారసుడు అనడానికి వంశవృక్షం అవసరం లేదు.

సున్నపు గోడ

మళ్ళీ వేయగల చేయి అన్నారు కాబట్టి ఒకటి చెబుతాను. 130వ గుహలో ఒక సేనాధిపతి భార్య పరివారంతో బుద్ధుడికి మొక్కుతున్న చిత్రం ఉంది. థాంగ్ కాలపు స్త్రీల నిండైన రూపాలు, ఎత్తైన సిగలు, పూల బట్టలు. పైన వేసిన తర్వాతి కాలపు పూత 1940లలో ఊడదీశాక అది బయటపడింది, గాలి వెలుతురు తగిలి అప్పటి నుంచి చెరిగిపోతూ వచ్చింది. 1946లో దున్‌హువాంగ్ చేరి తర్వాత ఆ సంస్థకు అధిపతి అయిన డువాన్ వెన్‌జియే 1955లో దాని నకలు తీశారు. ఈనాడు గోడ ముందు నిలబడితే కనిపించేది మసక మరకలు. ఆ చిత్రం గురించి పుస్తకాల్లో మీరు చూసే ప్రతి రంగుల బొమ్మా ఆయన నకలే. కొత్త గుహ ఏదైనా ఈ పని చేయగలదా?

ఎడారి గాలి

మీరు చెప్పింది అక్షరాలా నిజం, కానీ సగమే. డువాన్ వెన్‌జియే అక్కడికి వెళ్ళేసరికే ఆ గోడ మీద ముఖాలు, చేతులు చాలావరకు పోయాయి. ఆయన అదే కాలపు ఇతర గుహల్లో బొమ్మలు చూశారు, థాంగ్ కాలపు వేషధారణ గురించి చదివారు, లేనిచోట పూరించారు. దాన్ని నకలు అనడం మర్యాద కోసం. నా లెక్కలో అది ఇరవయ్యో శతాబ్దపు మనిషి వేసిన థాంగ్ చిత్రం.

కుంచె పట్టిన చేయి

బొమ్మలు వేసి బతికేవాణ్ణి. ఇంతసేపూ ఎవరూ గోడ గురించి మాట్లాడకపోవడం వింతగా ఉంది.

మోగావ్ కొండ మేలైన రాయి కాదు. గులకరాళ్ళు, ఇసుక అతుక్కుని గట్టిపడినది. సన్నటి శిల్పం తీయడం కుదరదు. అందుకే అక్కడ విగ్రహాలన్నీ మట్టితో చేసి రంగు వేసినవి. గరుకు గోడకు మొదట గడ్డి కలిపిన ముతక మట్టి పూత, దాని మీద సన్నని నార కలిపిన మెత్తటి పూత, ఆ పైన పలుచటి తెల్ల పూత. అంతా బాగా ఆరాక జిగురులో కలిపిన ఖనిజ రంగులు. ఇటలీవాళ్ళు తడి సున్నం మీద వేసే పద్ధతి వేరు, ఇది వేరు. ఇక్కడ పనంతా జిగురు పాళ్ళలో ఉంది. ఎక్కువ పడితే రంగు పొర ముడుచుకుని పెచ్చులుగా లేస్తుంది, తక్కువైతే వేలికి పొడి అంటుతుంది. మట్టి ఎంత పీలుస్తుంది, ఏ పూతకు ఎన్నాళ్ళు ఆరాలి, వంపు తిరిగిన పైకప్పు మీద మెడ విరిచి పొడవాటి గీత ఆగకుండా ఎలా లాగాలి, ఇవేవీ కాగితం మీద నకలు తీస్తే రావు. వందమంది నకలుకారులను తయారు చేయండి, గోడ ఇవ్వకపోతే గోడ పనివాడు ఒక్కడూ తయారు కాడు. కొత్త గుహలను నేను సమర్థించేది ఇందుకే. వారసత్వం గొడవ నాకు పట్టదు.

ఇంకొకటి. నకలు అంటే దేనికి నకలు? చాలా గుహల్లో దేవతల ముఖాలు, చేతులు నల్లగా, ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. వేసినవాడు అలా వేయలేదు. రంగులో కలిపిన సింధూరం కాలం గడిచిన కొద్దీ నల్లబడింది. పక్కనే బదఖ్షాన్ కొండల నుంచి వచ్చిన లాజవర్దం రాయి నూరిన నీలం నిన్న వేసినట్టు మెరుస్తుంటుంది. ఉన్నది ఉన్నట్టు దింపితే, ఆ చిత్రకారుడు ఎన్నడూ చూడని ముఖం దింపుతున్నాం. మొదట ఎలా ఉండేదో అనుకుని వేస్తే, మన అనుకోలు అందులో కలుస్తుంది. దున్‌హువాంగ్‌లో రెండు రకాలూ వేస్తారు. రెంటిలో ఏదీ అమాయకమైన పని కాదు.

చెరువు గట్టు

ఎవరూ చైనా చిత్రకారుడు జాంగ్ దాచియెన్ పేరు ఎత్తలేదేం? చాంగ్ షుహోంగ్ కన్నా ముందే, 1941లోనే అక్కడికి వెళ్ళి, టిబెటన్ చిత్రకారులను తోడు తెచ్చుకుని, రెండేళ్ళకు పైగా ఉండి వందల నకళ్ళు తీశాడు. నల్లబడిన ముఖాలకు ధైర్యంగా మొదటి రంగులు వేశాడు. సంస్థలూ సమితులూ లేకుండా ఒక్కడు చేసిన పని అది.

సున్నపు గోడ

కింది పొర బొమ్మల కోసం పై పొరలు ఊడగొట్టించాడన్న ఆరోపణ కూడా ఆ ఒక్కడి మీదే ఉంది. ఎంత వరకు నిజమో చైనాలో ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఇంత వివాదం ఉన్న మనిషిని ఆదర్శంగా చూపించేవారికి కళ అంటే

[మిగిలిన వాక్యం తొలగించాం. వాదన విషయం మీద ఉండనివ్వండి, ఎదుటివారి మీద వద్దు. – నిర్వాహకులు]

మల్లెపందిరి

అందరూ కొడుకు చుట్టూ తిరుగుతున్నారు. కూతురు ఎవరికీ గుర్తు లేరు, ఇంట్లోలాగే.

చాంగ్ షానా 1931లో లియాన్‌లో పుట్టారు. పద్నాలుగైదేళ్ళ వయసుకే థాంగ్ గుహల్లో నకళ్ళు తీసేవారు. 1946లో లాన్‌జౌలో తండ్రీకూతుళ్ళ చిత్రాలతో ప్రదర్శన పెట్టారు. 1948లో చదువుకు బోస్టన్ వెళ్ళి, 1950లో తిరిగి వచ్చి, వాస్తుశిల్పి లిన్ హుయీన్ దగ్గర పనిలో కుదిరారు. 1958లో బీజింగ్‌లో చైనా పార్లమెంటు కూర్చునే ప్రజా మహామందిరం కడుతున్నప్పుడు విందుశాల పైకప్పుకు నమూనా గీసే పని ఆమెకు వచ్చింది. ఆమె దున్‌హువాంగ్ పైకప్పుల నుంచి పెద్ద పువ్వును తీసుకున్నారు. పువ్వు బాగుంది గానీ దీపాలు ఎక్కడ, గాలి వెళ్ళే మార్గం ఎక్కడ అన్నారు కట్టడం చూసేవాళ్ళు. ఆమె మళ్ళీ కూర్చున్నారు. రేకుల నడుమ దీపాలకు, అంచు వలయంలో గాలి రంధ్రాలకు చోటు చేశారు. ఆ పైకప్పు ఇప్పటికీ ఉంది. తర్వాత 1983 నుంచి 1998 వరకు కళా విద్యాలయం నడిపి ఎంతమందికో ఆ రేఖలు నేర్పారు.

కొత్త కొండ తొలవాల్సిన పని లేకుండా, నకలు దగ్గర ఆగకుండా, గుహను జనం మధ్యకు తెచ్చింది ఆమె. మీ ఇద్దరి వాదనకూ జవాబు ఆ ఇంట్లోనే ఉంది.

కుంచె పట్టిన చేయి

మల్లెపందిరి గారూ, ఆమె పని మీద నాకు గౌరవం ఉంది. కానీ విందుశాల పైకప్పు మీదికి ఎక్కింది పువ్వు, తీగ, వలయం. కథ ఎక్కలేదు. 254వ గుహలో ఆకలిగొన్న పులికి తనను తాను అప్పగించుకున్న రాకుమారుడు ఉన్నాడు. గొంతు పొడుచుకోవడం, కొండ మీది నుంచి దూకడం, పులి తినడం, అన్నీ ఒకే గోడ మీద ఒకదానిలో ఒకటి పెనవేసి చూపించాడు ఆ పేరు తెలియని మనిషి. దాన్ని చూస్తే కడుపులో తిప్పుతుంది. అలంకారం ఆ పని చేయదు.

మల్లెపందిరి

కొత్త గుహలో బొమ్మలు చేస్తాయంటారా?

కుంచె పట్టిన చేయి

చేస్తాయో లేదో వేసి చూస్తే గానీ తెలియదు. అందుకే గోడ కావాలంటున్నాను.

సున్నపు గోడ

గోడ పని నేర్చుకోవడానికి కొండ ఎందుకు? 2016లో లాస్ ఏంజిలిస్‌లో గెట్టీ సంస్థ ఆవరణలో 275, 285, 320 గుహలకు నిండు కొలతల నమూనాలు కట్టి, చేత్తో బొమ్మలు వేసి నిలబెట్టారు. అలాంటివి ఎన్నయినా కట్టుకోవచ్చు.

అసలు భయం వేరే. మోగావ్ కొండలో ఉప్పుంది. 85వ గుహ మీద ఏళ్ళ తరబడి పని చేసి తేల్చిందేమిటంటే, గాలిలో తేమ సుమారు 62 శాతం దాటితే ఆ ఉప్పు కరుగుతుంది, ఆరినప్పుడు మళ్ళీ గట్టిపడి లోపలి నుంచి పూతను నెట్టేస్తుంది. గుంపుగా వచ్చిన సందర్శకుల ఊపిరి కూడా ఇందులో భాగమే. అందుకే రోజుకు ఆరు వేలమంది అని పరిమితి పెట్టారు. అందుకే ఆ పరిశోధన సంస్థకు అధిపతిగా చేసిన ఫాన్ జిన్‌షీ గారు గుహలను ఫొటోలు తీయించడం మీద అంత పట్టుబట్టి, చివరికి 2016లో ముప్పై గుహలను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిపించారు. ఉన్న 492 గుహలకే ఇంత చాకిరీ. ఎడారిలో కొత్తగా తొలిచిన గుహను చాంగ్ జియాహువాంగ్ తర్వాత ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? మట్టి పూత, జిగురు రంగు, ఉప్పు గాలి, అన్నీ పాతవే కదా.

నీలిమేఘం

ఇది మాత్రం గట్టి ప్రశ్న.

పాత పుస్తకాల పిచ్చి

దానికి పాతకాలం వాళ్ళ జవాబు తెలుసు: దాతలు కనిపెట్టుకునేవారు. పాడైతే మళ్ళీ పూత వేయించేవారు. కింద ఉన్నది ఎంత గొప్ప బొమ్మ అన్నది వాళ్ళకు లెక్కలేదు, పుణ్యం లెక్క. 220వ గుహలో 642 నాటి బొమ్మల మీద తర్వాతి కాలం వాళ్ళు మట్టి పూసి వరుసగా చిన్న చిన్న బుద్ధులను వేయించారు. ఎడారి గాలి గారు పొగిడిన నాట్యకత్తెలు శతాబ్దాల పాటు ఆ పూత కిందే ఉన్నారు. 1940లలో పై పొర ఊడదీస్తేనే బయటికి వచ్చారు. ఆ చిన్న బుద్ధులు పోయాయి.

అదే గుహ నడవాలో జాయ్ ఫెంగ్‌దా వేయించిన 925 నాటి మంజుశ్రీ మీద కూడా ఇంకో పొర ఉండేది. 1975లో ఆ పై పొరను పగలగొట్టలేదు, నడవా ముక్కను ముక్కగానే విడదీసి ముందుకు జరిపారు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఆ ముప్పై ఏళ్ళలో వచ్చిన మార్పే చాంగ్ షుహోంగ్ గారి తరం తెచ్చింది.

ఎడారి గాలి

సరిగ్గా అదే నేను అడుగుతున్నది. వెనకటివాడు కొత్త బొమ్మ వేయాలంటే పాతదాని మీద మట్టి పూసేవాడు. 1975 తర్వాత ఆ దారి మూసుకుపోయింది, మూసుకుపోవాల్సిందే. మరి ఈనాటి చిత్రకారుడు ఎవరి బొమ్మా చెరపకుండా గోడ మీద వేయాలంటే, ఇంకో కొండకు వెళ్ళడం తప్ప దారేది? చాంగ్ జియాహువాంగ్ మోగావ్ గోడను తాకలేదు. తండ్రి పెట్టిన నియమానికి కట్టుబడే బొమ్మ వేయడానికి చోటు వెతుక్కున్నారు.

సున్నపు గోడ

చోటు వెతుక్కున్నారు, సరే. కనిపెట్టుకునేది ఎవరన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

ఎడారి గాలి

రాలేదు. లేజున్ మొదటి గుహ తొలిపించినప్పుడు కూడా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

సున్నపు గోడ

అందుకే ఆ మొదటి గుహ ఏదో ఈనాడు ఎవరూ వేలు పెట్టి చూపించలేరు.